చిన్నాయన ఫుట్‌బాల్

చిన్నాయన సంవత్సరీకానికి అనంతపురం వెళ్లాను. ముందురోజు మధ్యాహ్నం చిన్నమ్మ పడసాలలో బిందెలతో నీళ్లు కుమ్మరించి చీపురుతో తోస్తోంది. నడి వేసవిలో మిద్దె కింది బండలు కూడా కాగి ఉంటాయి. వాటి మీద నీళ్లు పడగానే ఒక వాసన లేస్తుంది. వాన వాసన అందామంటే మా ఊళ్లో వానెక్కడిది? చిన్నప్పటి నుంచీ మాకు తడి వాసన అంటే ఈ కడిగిన బండల వాసనే.

"ఆ పక్కకు పో నాయనా, జారతావు" అంది చిన్నమ్మ.

వాకిలి దగ్గర నిలబడి చూస్తున్నాను. తాడిపత్రి బండ తొందరగానే ఆరుతుంది. పైన ఆరిపోయినా గాట్లలో నిలిచిన నీళ్లు ఇంకాసేపు ఉంటాయి. అట్లా బండలు ఆరుతుంటే గవాచి కింద, అదే వెలుతురు కోసం మిద్దె కప్పులో విడిచిన కంత కింద, నల్లటి గీతలు ఒక్కొక్కటే తేలాయి. నిలువు గీతలు, అడ్డగీతలు, బెత్తెడు బెత్తెడు దూరంలో. నిలువు గీతలు పదిహేనూ ఉన్నాయి. అడ్డగీతలు పది వరకు లెక్కపెట్టాను. పదకొండోది ఉండాల్సిన చోట గోడ ఉంది.

"ఎన్నిసార్లు కడిగినా పోవు సూడు" అంది చిన్నమ్మ.

పోవు. అవి గీసింది నేనే, మేకుతో. అందుకు తన్నులు తిన్నదీ నేనే.

*

మా ఇల్లు పాతూరులో, తాడిపత్రి బస్టాండుకు దగ్గర సందులో. పాత మిద్దె. పెద్దనాయన, మా నాయన, చిన్నాయన అందరిదీ ఒకటే పొయ్యి. పిల్లలం ఏడుగురం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎండకు బయట అడుగుపెట్టనిచ్చేవాళ్లు కాదు. పడసాలలో అవ్వ సుద్దముక్కతో గళ్లు గీసి బారాకట్ట పరిచేది. గవ్వలు అరచేతిలో గలగలలాడించి బండ మీద వేస్తే ఆ చప్పుడుకు సందులో పోయే వాళ్లకు కూడా తెలిసేది, అవ్వ ఆటలో కూర్చుందని. ఆమెతో ఆడి గెలిచినవాళ్లు లేరు. గవ్వలు ఆమె మాట వినేవి, అంతే.

చిన్నాయన కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఆయనకు బారాకట్ట అంటే పడదు. "గవ్వ ఎట్ల పడితే అట్ల ఆడేది ఆటెట్లయితాది, అది జూదం" అనేవాడు. అవ్వ పట్టించుకునేది కాదు.

ఒకరోజు బెంగళూరు నుంచి వస్తూ కొన్ని జెరాక్స్ కాగితాలు తెచ్చాడు. జెరాక్స్ మీద మళ్లీ జెరాక్స్ తీసినట్టుంది, అంచులన్నీ నల్లగా. వచ్చీ రాగానే చొక్కా కూడా విప్పకుండా సుద్దముక్క తీసుకొని పడసాల నడిమిన కూర్చున్నాడు. స్కేలు పెట్టి, లెక్కపెట్టుకుంటూ, నిలువునా పదిహేను, అడ్డంగా పంతొమ్మిది గీతలు గీశాడు. గీయడం అయ్యేసరికి మోకాళ్లు తెల్లగా అయిపోయాయి.

"అమ్మా, ఒక గవ్వ ఇయ్యి."

"ఒక్కటేనా? ఒక గవ్వతో ఏం ఆటరా?"

"ఫుట్‌బాల్."

ఆ ఏడాది చింతపండు కొట్టిన గింజలు డబ్బాడు ఉన్నాయి. ఆ డబ్బా కూడా పక్కన పెట్టుకున్నాడు. గవ్వను తెచ్చి నట్టనడుమ, పదో గీత మీద పెట్టాడు. అది బంతి. గింజలు మనుషులు. పంతొమ్మిది గీతల్లో ఈ చివరది ఒకరి గోలు, ఆ చివరది ఇంకొకరి గోలు.

పెద్దనాయన కొడుకు, మా అన్న, నాకంటే మూడేళ్లు పెద్ద. వాడు డబ్బాలోకి చూసి, "గింజలన్నీ ఒకే రంగు ఉండాయి కదా చిన్నాయనా, యావి ఎవరివి?" అని అడిగాడు.

"ఎవరివీ కాదు" అన్నాడు చిన్నాయన.

*

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆట మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది. మిగతా నియమాలన్నీ కలిపినా పోస్టుకార్డు మీద రాయొచ్చు.

నీ వంతు వస్తే రెండింటిలో ఒకటే చెయ్యాలి. ఖాళీగా ఉన్న చోట, గీతలు కలిసే దగ్గర ఒక గింజ పెట్టడం. లేదా గవ్వను దూకించడం. రెండూ ఒకే వంతులో కుదరవు. గవ్వ ఊరికే జరగదు. పక్కనే గింజ ఉంటేనే దాని మీదుగా దూకుతుంది. నిలువుగా, అడ్డంగా, మూలగా, ఎటైనా సరే. వరసగా నాలుగు గింజలు ఆనుకొని ఉంటే నాలుగింటినీ ఒకే దూకుడులో దాటి, అవతల మొదటి ఖాళీ చోట దిగుతుంది. దాటిన గింజల్ని అప్పటికప్పుడే తీసేయాలి. దిగిన చోట పక్కన ఇంకో గింజ ఉంటే మళ్లీ దూకొచ్చు, దిక్కు మార్చుకోవచ్చు, ఇష్టం లేకపోతే ఆగిపోవచ్చు. గోలు గీత మీద దిగినా, గీత దాటి బయటికి పోయినా గోలే. పక్క అంచుల నుంచి మాత్రం బయటికి పోకూడదు. ఇంకో మెలిక: గోలు గీతను తాకిన గవ్వ అదే వంతులో మళ్లీ మైదానంలోకి దూకి వచ్చేస్తే అది గోలు కాదు. వంతు ముగిసేసరికి గవ్వ ఎక్కడ ఉందన్నదే లెక్క.

పెట్టేటప్పుడు నువ్వు పెడతావు, పెట్టిన తర్వాత ఆ గింజ నీది కాదు. నువ్వు కష్టపడి వేసుకున్న దారిలో ఎదుటివాడు వెనక్కి దూకిపోవచ్చు. పోతూ పోతూ దారంతా ఊడ్చేసి పోతాడు.

అవ్వ కాసేపు చూసి తల తిప్పేసింది. "పులిజూదంలో పులి పులే, మేక మేకే. ఎవని మనిషి ఎవనోడో తెల్లేకుంటే అదేం తిక్క ఆటరా" అంది. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. మంటపాల బండల మీద కూడా ఆ గీతలుంటాయి, గుళ్లకు పోయినప్పుడు చూసే ఉంటారు. ఎవరు ఎవరిని తినాలో అక్కడ గొడవే లేదు. చిన్నాయన తెచ్చిన ఆటకు మాత్రం ఇంట్లో తిక్క ఆట అనే పేరే నిలిచిపోయింది.

*

నా మొదటి ఆట అన్నతో. ఈ సంగతి నాకు నిన్న జరిగినట్టు గుర్తు.

అన్న తొందరపడే రకం కాదు. గవ్వ పదో గీత మీద ఉంది. వాడు నా గోలు వైపుగా తొమ్మిదో గీత మీద ఒక గింజ పెట్టాడు. తర్వాతి వంతుల్లో ఏడు మీద, అయిదు మీద, మూడు మీద. ఒకటి విడిచి ఒకటి, ఏటిలో అడుగులేయడానికి రాళ్లు పరిచినట్టు. నేను నా గింజలేవో ఎటెటో పెట్టుకుంటూ కూర్చున్నాను. ఉన్నట్టుండి చూస్తే దారి నా ఇంటి ముందుకు వచ్చేసింది. గవ్వ ఎనిమిది, ఆరు, నాలుగు అంటూ దూకి రెండో గీత దాకా వచ్చేస్తుంది. ఒక్క గీత ఆవల నా గోలు.

ఒళ్లంతా చెమటలు. ఏం చెయ్యాలి? గోలుకు అడ్డంగా మనిషిని పెట్టాలి. ఫుట్‌బాల్ అన్నాక గోల్‌కీపర్ ఉండాలి కదా! రెండో గీత మీద, సరిగ్గా మూడో గీత గింజ వెనకాల, ఒక గింజ పెట్టాను. పెట్టి అన్న మొహంలోకి చూశాను, ఇప్పుడేం చేస్తావ్ అన్నట్టు.

అన్న గవ్వ ఎత్తాడు. ఎనిమిది. ఆరు. నాలుగు. టక్, టక్, టక్. నాలుగు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అక్కడి నుంచి మూడో గీత గింజనూ, నా గోల్‌కీపర్‌నూ కలిపి దాటించి ఒకటో గీత మీద దించాడు.

నేను ఏమీ పెట్టకపోయి ఉంటే వాడు రెండో గీత మీద ఆగిపోయేవాడు. ఆఖరి మెట్టు నేనే వేసిచ్చాను.

ఏడ్చాను. గింజలన్నీ చెదరగొట్టాను. చిన్నాయన నవ్వలేదు, కసరలేదు. ఒక్కొక్క గింజా ఏరి, మళ్లీ అట్లే పేర్చాడు. "చూడు, ఈ ఆటలో గోల్‌కీపర్ ఉండడు. అడ్డం పెడితే మెట్టవుతుంది. బంతిని ఇక్కణ్నుంచి అవతలికి లాక్కుపోవాల. లాక్కుపోవాలంటే అటుపక్క ముందే ఒక గింజ ఉండాల. వాడు మొదటి గింజ పెట్టిన రోజే నువ్వు పదకొండో గీత మీద ఒకటి పెట్టుకొని ఉంటే?" అని, పదకొండు మీద గింజ పెట్టి, గవ్వను దాని మీదుగా పన్నెండుకు దూకించి చూపించాడు. అన్న పరిచిన రాళ్లన్నీ అక్కడే ఉన్నాయి. గవ్వ మాత్రం వాటికి అందకుండా పోయింది.

ఆ పూట నాకు ఎక్కలేదు. ఒక నెల పట్టింది.

*

గవాచి వెలుతురే మా గడియారం. ఆ వెలుతురు పడసాల నడిమికి వచ్చినప్పుడు ఆట మొదలు. మెల్లగా జరుగుతూ తూర్పు గోడ ఎక్కిందంటే ట్యూషన్ పిల్లలు వచ్చే వేళ, గింజలు డబ్బాలోకి. వెలుతురు పలకలో దుమ్ము తిరుగుతుంటే, దాని కింద గవ్వ తెల్లగా మెరిసేది. బయట శెనక్కాయలు వేయించే బండి వాడు బాణలి మీద గరిటెతో కొట్టే చప్పుడు. వంట ఇంట్లో ఎవరో రోట్లో దంచుతూ ఉంటారు. ఆ దంపుడు ఆగిందంటే అమ్మో పెద్దమ్మో ఇటు వస్తున్నారని అర్థం. చదువుకుంటున్నట్టు నటించడానికి పుస్తకం ఒకటి పక్కన తెరిచే ఉండేది.

రోజూ పొద్దున బండలు కడిగితే సుద్దగీతలు పోయేవి. రోజూ స్కేలు పెట్టి ముప్పై నాలుగు గీతలు గీయాలి. అరగంట పని. ఒకరోజు నాకు విసుగొచ్చి, ఎద్దులబండి చక్రం దగ్గర దొరికిన మేకు తీసుకొని గీతల వెంబడి గట్టిగా గీకేశాను. చేతివేళ్లు బొబ్బలెక్కాయి. రెండు మధ్యాహ్నాలు పట్టింది, ఎవరూ చూడలేదు. మూడో రోజు నాయన చూశాడు.

తన్నులు సరే. తర్వాత ఆ గీతలు పెట్టిన తంటా ఎక్కువ. అక్కకు పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన కాఫీ గ్లాసు చేతిలో పట్టుకొని చాలాసేపు వాటినే చూసి, "ఇంట్లో ఏమన్నా యంత్రం వేయించినారా?" అని అడిగాడు. చిన్నాయన ఎంతో గంభీరంగా, "లేదండీ, ఫుట్‌బాల్ గ్రౌండు" అన్నాడు. ఆ సంబంధం కుదరలేదు. కారణం అదేనని అక్క ఇప్పటికీ అంటుంది.

*

1990 వరల్డ్ కప్ వచ్చినప్పుడు మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉంది. మొదటి మ్యాచ్ రాత్రి తొమ్మిదిన్నరకు. మారడోనా ఉన్న అర్జెంటీనా, అంతకు ముందు కప్పు గెల్చిన జట్టు. ఎదురుగా కామెరూన్. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో చిన్నాయన తప్ప ఎవరికీ తెలియదు. సందులో సగం మంది మా పడసాలలోనే, మేకు గీతల మీద చాపలేసుకొని. కామెరూన్ వాళ్లలో ఇద్దరికి రెడ్ కార్డులు పడ్డాయి. తొమ్మిది మందే మిగిలారు. అయినా 1-0తో గెలిచేశారు. తలతో గోలు కొట్టిన వాడి పేరు ఒమామ్ బియిక్. ఆ పేరు పలకడం రాక మేము వారం రోజులు రకరకాలుగా పలికాం.

మర్నాటి నుంచి తిక్క ఆటలో రెడ్ కార్డు కావాలని మా గొడవ. ఆఫ్‌సైడు కావాలి, పెనాల్టీ కావాలి. చిన్నాయన ఒప్పుకోలేదు. "ఎవరి మనిషికి ఇస్తావురా రెడ్ కార్డు?" అన్నాడు. జవాబు లేదు. మా ఊళ్లో అప్పుడు ఫుట్‌బాల్ అంటే టీవీలో కనపడేదే. సందుల్లో ఉన్నదంతా క్రికెట్. ఇప్పుడు ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడపిల్లలు కూడా పచ్చగడ్డి మీద ఆడుతున్నారు. మేము బండ మీద ఆడాం.

*

అవ్వ పోయిన రెండేళ్లకు భాగాలు పంచుకున్నారు. ఎందుకు, ఎవరి మాట ఎవరికి తగిలింది అన్నది ఇప్పుడు అనవసరం. మా నాయన తన వంతు డబ్బు తీసుకొని కొత్తగా వేసిన లేఅవుట్ వైపు వెళ్లిపోయాడు. మిగిలిన ఇంటిని పెద్దమనుషులు టేపు పెట్టి కొలిచారు. కొలత వచ్చి పడసాల నడిమిన పడింది.

నేను అప్పుడు డిగ్రీ. గోడ కట్టే రోజు ఇటుకలు అందించడానికి వెళ్లాను. బేల్దారి దారం పట్టి, కింద చూసి, "ఏం సా, ఇవి ముందే ఎవరో కొలతలు గీసినట్టుండారే?" అన్నాడు.

"అవును, కొలతలే" అన్నాడు చిన్నాయన.

సిమెంటు వేసే ముందు వంగి బండ మీద దుమ్ము చేత్తో తుడిచాడు. ఆయన అంతకుమించి ఏమీ అనలేదు. నాలుగున్నర ఇంచుల గోడ సాయంత్రానికి నడుమెత్తు లేచింది. పెద్దనాయన ఆ రోజు ఇంట్లో లేడు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆ ఇళ్ల మధ్య మాటల్లేవు. పెళ్లిళ్లకు పత్రికలు పోస్టులో వచ్చేవి, గోడ ఇవతల నుంచి గోడ అవతలికి.

*

చాలా ఏళ్లకు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, ఆ ఆట చరిత్ర చదివాను. దాని అసలు పేరు ఫిలాసఫర్స్ ఫుట్‌బాల్. జాన్ కాన్వే అనే ఇంగ్లండు గణితవేత్త బుర్రలో పుట్టింది. 1982లో ఇంకో ఇద్దరితో కలిసి రాసిన ఆటల లెక్కల పుస్తకంలో దాన్ని వివరించాడు. గళ్ల కాగితం మీద చుక్కలు పుడుతూ చస్తూ ఉండే గేమ్ ఆఫ్ లైఫ్ కూడా ఆయనదే. పుట్టింది లివర్‌పూల్‌లో. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఊళ్లో పుట్టి, కాలు కదపకుండా ఆడే ఫుట్‌బాల్ తయారు చేశాడు! వాళ్లు గో ఆట రాళ్లతో ఆడతారు, మనుషులు నల్లవి, బంతి తెల్లది. చింతగింజ, గవ్వ. రంగులు కూడా దాదాపు సరిపోయాయి.

ఇంకొకటి చదివి చిన్నాయనకు ఫోన్ చేశాను. బల్ల మీద గింజలు ఉన్నవి ఉన్నట్టు చూపించి, ఈ ఒక్క వంతులోనే గోలు కొట్టే దారి ఉందా లేదా అని అడిగితే, అది తేల్చడం కంప్యూటర్లకు కూడా మహా కష్టమైన లెక్కల జాతిలోదని ఎరిక్ డిమైన్, మార్టిన్ డిమైన్, డేవిడ్ ఎప్‌స్టీన్ నిరూపించారు. ఎన్‌పీ-కంప్లీట్ అంటారు దాన్ని. చదరంగంలో ఒక్క ఎత్తులో ఆటకట్టు ఉందా అంటే ఉన్న ఎత్తులన్నీ వేసి చూస్తే తెలిసిపోతుంది. ఇక్కడ ఒక్క వంతులోనే గవ్వ ఎన్ని మలుపులైనా తిరగొచ్చు, దాటిన గింజ మళ్లీ ఉండదు కాబట్టి ఏది ముందు దాటామన్న దాన్ని బట్టి దారే మారిపోతుంది.

అంతా విని, "మరి నేను చెప్పలా, గంట కూర్చున్నా కనపడదని? మీరు అప్పుడు నన్ను తొందరపెడుతుంటిరి" అన్నాడు.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, కాన్వే కరోనాతో పోయాడని వార్త వచ్చింది. అప్పుడూ ఫోన్ చేశాను.

"పోయినాడా ఆయప్ప?" అని, కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "గవ్వ దేవుని గూట్లో పెట్టినా. పసుపు డబ్బా వెనకాల. ఎవరన్నా అడిగితే చెప్పు" అన్నాడు. ఎవరు అడుగుతారని నేను అడగలేదు.

*

సంవత్సరీకం రోజు అన్నను భోజనానికి పిలవడానికి అవతలి ఇంటికి వెళ్లాను. వాళ్ల పడసాలంతా నున్నటి తెల్ల టైల్స్. నా చూపు ఎక్కడ పోయిందో వాడు కనిపెట్టాడు.

"టైల్స్ వేసేముందు ఒకపొద్దు కూర్చొని లెక్కపెట్టినారా. నా పక్క ఏడు గీతలు ఉన్న్యాయి" అన్నాడు.

"మా పక్క పది."

"రెండు గోడ కింద పోయినాయి." గడ్డం గోక్కున్నాడు. వాడి గడ్డం నెరిసిపోయింది. "ఆ పొద్దు గోల్‌కీపర్ పెట్టి ఓడిపోయినానే, గుర్తుండాదా?"

"పెట్టింది నేను కదన్నా. నేను ఓడిపోయి ఏడిస్తే..."

"నువ్వెందుకు ఏడుస్తావ్, నువ్వు గెలిస్తివి. రెండో గీత మీద గింజ పెట్టింది నేను. డబ్బా కూడా తన్నినా. చిన్నాయన మళ్లా అన్నీ ఏరి పెట్టి చూపించినాడు, పదకొండో గీత మీద ఒకటి పెట్టుకొని ఉంటే అని."

"అన్నా, నాకు బాగా గుర్తు. ఎనిమిది, ఆరు, నాలుగు దూకించింది నువ్వు."

"దూకించింది నువ్వురా. నాలుగు దగ్గర ఆగి నా మొగం చూసినావు. నాకు ఆ మొగం ఇప్పటికీ గుర్తే."

గోడ ఇవతల నుంచి చిన్నమ్మ కేకేసింది, విస్తర్లు వేసినాము, రండి అని. అన్న చెప్పులు వేసుకుంటూ కూడా వాదిస్తూనే ఉన్నాడు.